గంజ్ గడియారంలో పది నిమిషాలు

2004 వానాకాలం. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో మా గడియారాల దుకాణం. నాకప్పుడు ముప్పై ఏళ్లు. పాత గోడ గడియారాల మూవ్‌మెంట్‌ను, అంటే లోపలి చక్రాల యంత్రాన్ని, పూర్తిగా విప్పి మళ్లీ బిగించగలిగినవాళ్లు అప్పటికే తక్కువ. ఆ పని నా చేతికొచ్చినందుకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది. కానీ ఆ గర్వంతో నేను చేసిన ఒక తప్పును ఇరవై ఏళ్లు మరొకరి నెత్తిన ఉంచాను. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

నాంపల్లిలో ప్యాసింజరెక్కితే రెండున్నర గంటల్లో సిరిపేట రోడ్ వస్తుంది. అసలు సిరిపేట అక్కడికి నాలుగు మైళ్లు. నిజాం కాలంలో పట్టాలు పల్లె దాకా పోలేదు కనుక పొలాల మధ్యే స్టేషన్ కట్టి, పేరు చివర 'రోడ్' అని తగిలించారు. పల్లికాయ, కందులు వ్యాగన్లకెక్కించడానికి వచ్చిన వ్యాపారులు, హమాలీలు అక్కడే గుడిసెలు వేసుకున్నారు. గుడిసెలు ఇళ్లయ్యాయి, గంజ్, అంటే ధాన్యం మార్కెట్, లేచింది, బడి వచ్చింది. పట్టాలకు ఒక పక్క స్టేషన్, రెండో పక్క ఊరు, నడుమ రైల్వే గేటు.

ఒకసారి పడి ఉన్న గేటు కింద దూరిన హమాలీ ఒకతను రైలు కింద పడి చనిపోయాడట. అప్పటి నుంచి పడ్డ గేటు ఎవరూ దాటకూడదని ఊరు కట్టుబాటు పెట్టుకుంది. ఆ కట్టుబాటు నిలవడానికి గంజ్ ఆఫీసు మీది గడియారాన్ని పది నిమిషాలు ముందుకు జరుపుకుంది. అసలు ఆరూ ఇరవైకే మోగే ఆరున్నర గంట వినగానే ఇంట్లోంచి కదిలితే, గేటు పడకముందే అవతలికి చేరి ఆరూ నలభై రైలు అందుకోవచ్చు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ వానాకాలం ఒక ఆదివారం నేను అక్కడికి వెళ్లింది గంజ్ గడియారంలో తెగిన సస్పెన్షన్ స్ప్రింగ్, అంటే పెండ్యులం వేలాడే సన్నటి పట్టీ, మార్చడానికి. ఇరవై రెండేళ్లుగా ఆ గడియారానికి కీ ఇస్తున్న రాజయ్య కింద నిచ్చెన పట్టుకున్నాడు.

"పది నిమిషాలు ముందుకు పెట్టు సారూ. మా గంజ్ టైం గంతే."

"తప్పు టైం పెడితే నా పేరు పోతది అన్నా."

"నీ పేరు అబిడ్స్‌ల ఉంటది గాని, రైలు గీడికెల్లి పోతది సారూ!"

నవ్వి తలూపాను. ఆయన చాయ్ తేవడానికి పోగానే, రేడియో టైంతో కలిపిన నా చేతి గడియారం చూసి ముల్లును సరిగ్గా పెట్టేశాను.

"పెట్టినవా సారూ?"

"ఔ, పెట్టిన."

మర్నాడు ఆరున్నర గంట విని కదిలినవాళ్లంతా పడ్డ గేటు ముందు ఆగిపోయారు. ఒక్కరూ కింద దూరలేదు. వాళ్లలో సునీత అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఉంది. టీచర్ ట్రైనింగ్ కౌన్సెలింగ్‌కు హైదరాబాద్ రావాలి. రైలు పోయింది, సీటూ పోయింది.

రెండ్రోజులకు గంజ్ కమిటీ పెద్ద నా దుకాణానికి వచ్చాడు. "ముల్లు ఎవరు జరిపిన్రు?" అని నలుగురు గిరాకీల ముందు నిలదీశాడు.

"నేను పది నిమిషాలు ముందుకే పెట్టిన. రాజయ్య కీ ఇచ్చేటప్పుడు జరిగిందేమో," అన్నాను.

కీ తిప్పితే లోపలి స్ప్రింగ్ చుట్టుకుంటుంది, ముల్లు జరగదు. మా వృత్తిలో ఎవరికైనా తెలుసు. ఆయనకు తెలియదు. తెలియదనే అన్నాను. వాళ్లు రాజయ్య దగ్గర కీ గుంజుకున్నారు.

కిందటేడు ఒక రోజు సునీత నా దుకాణానికి వచ్చింది. ఇప్పుడు ఆ ఊరి బడిలోనే టీచరు. అప్పటికి ఊరి చరిత్రను పుస్తకంగా రాస్తోంది. "గడియారం ముచ్చట మీరొక్కసారి చూడుండ్రి సార్," అని చదవడం మొదలుపెట్టింది. "కీ ఇచ్చే రాజయ్య నిర్లక్ష్యం వల్ల..."

"ఆగమ్మా. ముల్లు పెట్టింది నేను. ఆయన చెప్పినా వినలే. ఆయన మీద అబద్ధం చెప్పిన."

ఆమె కాగితాలు మడిచింది. "సీటు మరుసటేడు వచ్చింది సార్, దానికి ఫికర్ లేదు. రాజయ్య కాక మా గల్లీలనే ఉంటడు. ఇరవై ఏండ్లసంది ఆయనకు నమస్తే గూడ పెట్టలే నేను."

ఆ వారం సంత జరిగే అంగడి రోజున ఆమెతో కలిసి సిరిపేట రోడ్‌కు వెళ్లాను. రాజయ్య తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"వచ్చినవా అబిడ్స్ సారూ! నీ టైం కరెక్టే నడుస్తున్నదా?"

"అప్పుడు కమిటీకి ఎందుకు చెప్పలే అన్నా?"

"చెప్పకేం? అబిడ్స్ మెకానిక్ మాట ముంగట కీ తిప్పెటోని మాట ఎవడింటడు?"

చేతులు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకున్నాడు. "నాకెరికున్నదే నాకేం చెప్తవ్? పోయి గంజ్‌ల నిలబడి చెప్పు."

చెప్పాను. హమాలీలు బస్తాలు దించి విన్నారు. "అంటే గడియారం బాగు జేసి మనిషిని ఖరాబ్ జేసినవన్నట్టు!" అన్నాడొక ముసలి హమాలీ. అందరూ నవ్వారు. రాజయ్య మాత్రం నవ్వలేదు. సునీత ఆయన ఎదురుగా వెళ్లి, "నమస్తే కాకా," అంది. ఆయన తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని, "రైలు అందలేదు గద బిడ్డా నీకు," అన్నాడు.

ఇప్పుడు ఏ గడియారం వచ్చినా, విప్పకముందే అది ఎంత ముందుందో, ఎంత వెనకుందో చీటీ మీద రాస్తాను. ఎందుకలా ఉందో ఇంటివాళ్లను అడుగుతాను. వాళ్లు చెప్పినట్టే పెట్టి ఇస్తాను. సునీత పుస్తకం అచ్చయింది. కీ ఇచ్చిన ఇరవై రెండేళ్లలో రాజయ్య ఒక్కనాడూ తప్పలేదని అందులో ఉంది. తప్పు ఎవరిదో నా పేరుతో సహా ఉంది. రైలు పోతున్నా పడ్డ గేటు కింద ఒక్కరూ దూరని ఊరది. దాని చరిత్రలో నా గురించి నిజమే రాసి ఉన్నందుకు గర్వపడుతున్నాను.