మునిరత్నం మామ లెక్కపెట్టిన కృత్తికలు

ఆరు ముఖాలతో అన్ని దిక్కుల మొరలూ ఆలకించే తణికాచలవాసా, శరణు. చుక్కలకు దారి గీసిన నీవే వాటిని చూడడానికి మాకు కళ్లిచ్చావు. చూసి ఊరుకోకుండా అడగడానికి మనసూ ఇచ్చావు. ఆ రెండింటినీ ఒక్కనాడూ వృథా చేయని నీ దాసుణ్ణి నీ పాదాల చెంతకు పిలుచుకున్నావు. నీ చిత్తం. అతణ్ణి గురించి నాలుగు మాటలు రాయడానికి ఈ చేతికి బలమియ్యి.

తిరువళ్లూరులో ఒక భక్తుల ఇంట సప్తాహ పారాయణం చేస్తున్నాను. మూడవనాడు ఉదయం, శ్లోకం చదివి అర్థం చెప్పబోతూ తలెత్తితే వీధిలో మునిరత్నం మామ తమ్ముడు నిలబడి ఉన్నాడు. రమ్మని సైగ చేశాను. రాలేదు. అరుగు మీద కాలు కూడా పెట్టలేదు. చెప్పులు విడవని ఆ మనిషిని చూడగానే మైల వార్త అని తెలిసిపోయింది. పుస్తకం మూసి బయటికి వెళ్లాను.

"మగ్గం గుంటలో దిగినాడు సామీ, నాడె చేతిలోకి తీసుకున్నాడు. అంతే. వదిన కాఫీ తెచ్చేలోగా అయిపోయినాడు" అన్నాడు.

వారం క్రితమే కదా పొదటూరుపేట బస్టాండులో నన్ను ఆపి, "ఈసారి భరణినాడు మబ్బు లేకుండా ఉంటాదంటావా అల్లుడా?" అని అడిగింది!

మునిరత్నం మామను ఎరుగని పాఠకుల కోసం చెబుతాను. ఆయన చేనేత కార్మికుడు. మా భజన గోష్ఠిలో పద్యగాయకుడు. బడిలో ఐదో తరగతి దాటలేదు. మగ్గం చప్పుడు మీదే పద్యం కట్టేవాడు. పాదం కుదరకపోతే పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆగేది; కుదిరితే పరుగెత్తేది. వీధిలో పోయేవాళ్లు మగ్గం చప్పుడు విని "మామకు పద్యం ఇరుక్కున్నట్టుంది" అనుకునేవాళ్లు. ఏటా తమిళుల ఆడి నెలలో వచ్చే కృత్తిక పండుగకు మా ఊరి కావడులు తిరుత్తణి కొండ మెట్లు ఎక్కేటప్పుడు, ముందు నడుస్తూ ఒక కొత్త పద్యం పాడడం ఇరవై ఏళ్ల పాటు ఆయన వంతుగా ఉండేది.

ఆయనకు ఆకాశం పిచ్చి ఎలా పట్టిందో ఆయనే చెప్పేవాడు. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చూసే చిన్న భూతద్దం ప్రతి నేతగాడి దగ్గరా ఉంటుంది. తిరుత్తణి లైబ్రరీలో ఒక అరవ పుస్తకం చదివి, తిరువళ్లూరు కళ్లద్దాల కొట్టులో ఒక పెద్ద అద్దం బిళ్ల సంపాదించి, రేకు గొట్టానికి ఒక కొసన ఆ బిళ్లను, రెండో కొసన పోగులు చూసే భూతద్దాన్ని బిగించాడు. దూరదర్శిని తయారైంది. అందులో అంతా తలకిందులుగా కనిపిస్తుంది. మొదటిసారి చందమామను చూసిన అత్త, "ఇదేందయ్యా, నీ పని మాదిరే తలకిందులుగా ఉండాది" అన్నదట. "తలకిందులైనా చందమామే కదే" అన్నాడట మామ.

నాకు ఆయన మొదట చూపించింది గురుగ్రహం. నవగ్రహాల పూజలో రోజూ బృహస్పతి పేరు చెప్పేవాణ్ణి. ఆ సంజవేళ గొట్టంలో ఒక చిన్న పళ్లెం, దాని పక్కన వరసగా నాలుగు చుక్కలు కనిపించాయి. "శిష్యులు" అన్నాడు మామ, "రేపు వచ్చి చూడు, చోట్లు మార్చుకోనుంటారు." మర్నాడు వెళ్లాను. మార్చుకున్నారు. ఆ రోజు పూజలో ఆ పేరు పలుకుతుంటే నా ఒళ్లు గగుర్పొడిచింది. ఇది దాచుకోవలసిన మాట కాదు కనుక రాస్తున్నాను.

ఆయన పద్ధతి ఒకటుండేది. భరణినాడు, దాని మర్నాడు కృత్తికనాడు తెల్లవారుజామున, కొండ మెట్ల మలుపులో గొట్టం నిలబెట్టి యాత్రికులను పిలిచేవాడు. తూర్పున కృత్తికలు పైకి వచ్చి ఉంటాయి. ఆ చుక్కలే మన స్వామికి పాలిచ్చి పెంచిన తల్లులు. అయితే ఎవరికీ ముందుగా గొట్టంలో చూపించేవాడు కాదు. మొదట ఒక పద్యం పాడేవాడు. తర్వాత, "ఉత్త కంటితో చూసి చెప్పండి, ఎన్ని కనపడతా ఉండాయి?" అని అడిగేవాడు. ఆ రోజుల్లో చంద్రుడు దగ్గర్లోనే ఉంటాడు కనుక, అరచెయ్యి అడ్డం పెట్టుకుని చంద్రుణ్ణి మూసి లెక్కపెట్టమనేవాడు. వాళ్లు చెప్పిన సంఖ్యను పేరు పక్కన నోటుబుక్కులో రాసుకునేవాడు. సరి అనడు, తప్పు అనడు. ఆ తర్వాతే గొట్టం.

ఒకసారి చిత్తూరు వైపు నుంచి వచ్చిన ముసలవ్వ, "నాకేం కనపళ్లా నాయనా, పొగ మాదిరి ఉండాది" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. మామ నవ్వలేదు. "పొగ అని రాసుకుంటా అవ్వా. నువ్వు చూసిందే చెప్పినావు" అని, ఆమె తలను మెల్లగా గొట్టం దగ్గరికి వంచాడు. ఆమె చాలాసేపు కదల్లేదు. "ఇంతమందా! ఇంతమంది పాలిచ్చినారా ఆ బిడ్డకి!" అని కళ్లు తుడుచుకుంది.

ఆ అవ్వ మాటే ఆయనకు పద్యమైంది. మూడేళ్ల కిందట, కృత్తికకు రెండు రోజులుందనగా, మా భజన మందిరంలో దాన్ని పాడి వినిపించాడు.

కంటి కారుమంది కనుపించు తల్లులు
అద్దమందు చూడ నంతులేదు
ఆకలైన బిడ్డ కమ్మ లెందరొ యని
లెక్క వేయువార లెవరు తండ్రి

తాళం వేసే పెద్దాయన గొంతు సవరించుకుని, "ఏందప్పా ఇది? సామికి తల్లులు ఆరుమందా, ఆరునూర్లా? ఇట్లే వదిలితే రేపు కావడికి బుజాలెన్నని అడుగుతాడు" అన్నాడు. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. తర్వాత అందరూ నా వైపు చూశారు. పురాణం చదివేవాణ్ణి నేను కదా.

నేను చెప్పాను: "పురాణం ఆరుగురని చెప్పింది. అద్దం చెప్పేది మనకు ప్రమాణం కాదు. ఈ పద్యం మెట్ల మీద వద్దు మామా. వేరేది పాడు."

"నేసిన బట్టని అద్దం కింద పెడితే బట్ట తగ్గిపోతాదా అల్లుడా?" అన్నాడు ఆయన. "పోగులు ఇంకా బాగా కనపడతాయి. అంతే కదా?"

"బట్ట వేరు, దైవం వేరు."

"సరే. అట్లయితే ఈసారి నేను పాడను. కోపం కాదప్పా. నాకు వచ్చింది ఇదొక్కటే. ఇది లోపల పెట్టుకోని ఇంకోటి పాడితే సామికి తెలవదా?"

ఆ ఏడు మా కావడులు పద్యం లేకుండా కొండెక్కాయి. మామ అందరికంటే వెనక, గొట్టం భుజాన వేసుకుని వచ్చాడు. మందిరం మాత్రం మానలేదు. శనివారం శనివారం వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. నన్ను చూస్తే అదే పలకరింపు, అదే చిరునవ్వు. "నేను పోయేలోగా ఒక్కసారి ఆ మెట్ల మీద ఆ పద్యం పాడితే చాలు" అని ఇంట్లో అనేవాడని అత్త చెప్పింది.

మరుసటి ఏడు భరణినాడు మెట్ల మలుపులో ఆయన ఎదురుపడ్డాడు. అందరినీ అడిగినట్టే నన్నూ అడిగాడు. "ఎన్ని కనపడతా ఉండాయి అల్లుడా?"

"ఆరు" అన్నాను.

నోటుబుక్కులో నా పేరు రాశాడు. పెన్సిలు ఆపి నా ముఖంలోకి చూశాడు. "పైకి చూడకుండానే చెప్పేస్తివే!" అన్నాడు. ఎగతాళి కాదు, నిజమైన ఆశ్చర్యం. నా పేరు పక్కన ఏమీ రాయకుండా పుస్తకం మూశాడు. నాకు కోపం వచ్చింది, గబగబా మెట్లెక్కిపోయాను.

పోయిన ఏడు, "ఈసారైనా పాడనిస్తావా?" అని ఒక్కమాట అడిగాడు. "చూద్దాం మామా" అన్నాను. చూద్దాం అన్న నేను చూడలేదు. ఆయన గడువు ముగిసింది.

అంత్యక్రియలైన మర్నాడు అత్త ఆ నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకే ఇమ్మనుంటాడు సామీ, ఆయన చెప్పకపోయినా" అంది. పేజీల నిండా పేర్లు, ఊళ్లు, సంఖ్యలు. ఆవడి నుంచి వచ్చిన ఫ్యాక్టరీ పనివాడికి ఏడు. ఒక పూలమ్మే ఆవిడకు తొమ్మిది. అవ్వ పేరు పక్కన, అన్నట్టుగానే, పొగ. ఎంతోమందికి ఆరు. ఒక్క నా పేరు పక్కన ఖాళీ.

మరుసటి తెల్లవారుజామున స్నానం చేసి మిద్దె మీదికి వెళ్లాను. పడమట ఇంకా నిండు చంద్రుడున్నాడు. ఆ వెలుగు కళ్లలో పడకుండా వీపు అటు తిప్పి, తూర్పున కృత్తికలను చూశాను. పురాణం చదివేవాడిగా కాక, అడిగినదానికి జవాబు చెప్పవలసిన మనిషిగా, మూడుసార్లు లెక్కపెట్టాను. ఐదు. నా కళ్లకు ఐదే కనిపించాయి.

ఆరో తల్లి ఉన్నదని నాకు తెలుసు. కనిపించకపోయినా నమ్ముతాను, నా విశ్వాసంలో వెంట్రుకవాసి తరుగు లేదు. నాకు కనిపించని ఒక్క తల్లిని నమ్మగలిగినవాణ్ణి, మామకు కనిపించిన ఇంతమంది తల్లులను ఎందుకు కాదన్నాను? పురాణం ఆరుగురి పేరు చెప్పింది. ఏడవ తల్లికి తలుపు మూయమని ఎక్కడా చెప్పలేదు. తలుపు మూసింది నేను. ఆయన అడిగింది పాండిత్యం కాదు, తన స్వామి మెట్ల మీద నాలుగు పాదాల చోటు. అది నేను ఇవ్వలేకపోయాను. పెన్సిలు తీసి నా పేరు పక్కన ఐదు అని రాశాను.

నిన్న సాయంత్రం మందిరంలో ఈ సంగతంతా చెప్పి, ఈ కృత్తికకు మామ పద్యం మెట్ల మీద పాడతానన్నాను. ఆనాడు ఎగతాళి చేసిన పెద్దాయనే లేచి, "పాడు సామీ. తాళం నేనేస్తా" అన్నాడు.

నా గొంతు ఆయన గొంతు కాదు. ఆ పైస్థాయి నాకు అందదు. చుక్కల గురించి ఏదైనా అడిగితే "నాకూ తెలవదు, చూద్దాం రా" అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయే మనిషి ఇక మా వీధిలో లేడు. ఆ చోటు మరొకరితో నిండదు. ఆయన వాకిట్లో ఆ గొట్టం మాత్రం గోడకు ఆనించినట్టే ఉంది. పద్యం అయిన తర్వాత దాన్ని మలుపులో నిలబెట్టి, వచ్చినవాళ్లను అడగడం నా వంతు.

భక్తులారా, కృత్తికనాడు మీరు కొండకు రాగలిగినా, మీ ఇంటి వాకిట్లోనే ఉన్నా, తెల్లవారుజామున లేవండి. చంద్రుడికి అరచెయ్యి అడ్డం పెట్టి తూర్పుకు చూడండి. మీకు ఎన్ని కనిపిస్తే అన్నిసార్లు అమ్మా అని పిలవండి. ఆ తర్వాత నాతో కలిసి ఇలా ప్రార్థించండి: షణ్ముఖా, నిన్ను పెంచిన తల్లులందరి మధ్య మా మునిరత్నం మామను కూర్చోబెట్టు. వాళ్లను ఇప్పుడు దగ్గర నుంచి లెక్కపెట్టుకోనివ్వు. చూడకుండా జవాబు చెప్పిన మమ్మల్ని క్షమించు.