అందరికీ చలికాలం

ఓడలు బాగుచేసే ఆ కర్మాగారంలో వంటావిడకు ఒకటే పిచ్చి: బయట ఏ కాలమైనా సరే, తినేవాళ్ల సొంతూళ్లో ఏ కాలం నడుస్తోందో ఆ కాలపు వంటే చేస్తుంది. దేశదేశాల నుంచి వచ్చిన కార్మికులు ఆమెకు ఋతువులమ్మ అని పేరు పెట్టారు. రోజూ దేవుడికి దండం పెట్టుకుని, "స్వామీ, ఇవాళ ఎవరి ఊరు తలుచుకోమంటావు?" అని అడిగి పొయ్యి వెలిగించేది. దేవుడు ఏం చెప్పేవాడో గాని, చివాట్లు మాత్రం భోజనశాల మేనేజరుకు పడేవి.

కిందటి చలికాలం, రెండు స్వెటర్లు వేసుకున్నా వణుకు ఆగని రోజున, అందరికీ చల్లటి పుచ్చకాయ రసం పోసింది.

"ఇదేంటి పెద్దమ్మా!"

"రంగులేసే అబ్బాయి ఊళ్లో ఎండలు మండిపోతున్నాయి నాయనా."

"ఇక్కడ మేం గడ్డకట్టిపోతున్నాం!"

"స్వెటర్లు వేసుకున్నారుగా. తాగండి."

ఒక్కరూ తప్పకుండా పళ్లు టకటకలాడిస్తూ తాగారు.

ఇప్పుడు నడివేసవి. రేకుల కప్పు పెనంలా కాలుతోంది. పైగా ఇవాళ యజమాని ఇక్కడే భోంచేస్తానన్నాడు. నచ్చకపోతే వంటిల్లు మూసేసి పొట్లాల భోజనం తెప్పిస్తాడట. మేనేజరు పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"నీకు దండం పెడతా పెద్దమ్మా. ఈ ఒక్కపూట చల్లగా ఏదైనా చెయ్యి."

"వంట అయిపోయింది నాయనా."

మూత తీసింది. గుప్పున ఆవిరి కొట్టింది. దుంపలు, బార్లీ వేసి కుతకుతా ఉడికించిన చిక్కటి సూపు.

"చచ్చాం!"

"క్రేను అబ్బాయి ఊళ్లో మంచు కురుస్తోంది మరి."

ఆ క్రేను నడిపే అబ్బాయి భూగోళానికి అవతలి వైపు నుంచి కొత్తగా వచ్చాడు; ఇక్కడ ఎండాకాలమైతే అక్కడ చలికాలం. వచ్చినప్పటి నుంచి ఏది పెట్టినా కెలికి వదిలేస్తున్నాడు. క్రేను పైనుంచి కళ్లు తిరిగి పడితే ఎవరు జవాబు చెప్పాలని, అతన్ని తిరిగి పంపేసే మాట అప్పుడే బయలుదేరింది.

మధ్యాహ్నం యజమాని వచ్చి కూర్చుని ఒక్క చెంచా తాగాడు. నుదుటి మీద చెమట కారింది.

"ఏమయ్యా మేనేజరూ, ఈ ఎండలో నాచేత నిప్పులు తాగిస్తున్నావా?"

సరిగ్గా అప్పుడే క్రేను అబ్బాయి గుమ్మంలోకి వచ్చి, ఆ వాసనకు నిలబడిపోయాడు. లోపలికి చూశాడు. యజమానితో సహా అందరూ మొహాలు తుడుచుకుంటూ అదే తాగుతున్నారు. వచ్చి కూర్చున్నాడు. ఒక చెంచా తాగాడు. ఇంకో చెంచా. ఆ తర్వాత తల ఎత్తలేదు. గిన్నె అడుగు రొట్టెముక్కతో తుడిచి మరీ తిన్నాడు.

యజమాని గొంతు తగ్గించాడు. "అతనొక్కడికే వండితే సరిపోయేది కదమ్మా?"

"ఒక్కడికే పెడితే చుట్టమైపోతాడు బాబుగారూ. అందరం తింటేనే ఇంటివాడు."

ఇన్నాళ్లూ ముసలామెకు మతి చలించిందనుకున్న మేనేజరు తన గిన్నె ముందుకు లాక్కున్నాడు.

యజమాని కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు మడిచాడు.

"వంటిల్లు మూసేది లేదు. కానీ ఎండలు తగ్గేదాకా నన్ను మాత్రం భోజనానికి పిలవకండి!"

ఋతువులమ్మ అడక్కుండానే ఇంకో గరిటె పోసింది. ఆయన గిన్నె వెనక్కి తీసుకోలేదు.