హెర్సెండ్ తొక్కిన సున్నం

మా బర్గండీ కొండవాలులో మఠం చర్చి కట్టేటప్పుడు సున్నం తొక్కిన ఆడవాళ్లలో హెర్సెండ్ ఒకతె. మా పక్కింటి మనిషి. ఆమె భర్త గోజ్బెర్ రాతిమేస్త్రి. పిడుగు పడి పాత కొయ్య కప్పు కాలిపోయాక, రాతి కప్పును కమానులా వంచి కట్టే పని అతనికి అప్పగించారు.

ఆ చలికాలం మంచు వదల్లేదు. కప్పును మోస్తున్న కొయ్య చట్రాలను వేసవి దాకా విప్పకూడదనే అనుకున్నారు. ఇంతలో చలి పోకముందే వచ్చే బెనెడిక్ట్ పండుగకు బిషప్పు వస్తున్నాడని కబురొచ్చింది. తన కప్పును ఆయనకు చూపించాలని గోజ్బెర్‌కు ఆశ పుట్టింది.

"రాళ్ల మధ్య సున్నం ఇంకా పచ్చిగానే ఉందయ్యా. గోటితో గీకితే ఊడొస్తోంది" అంది హెర్సెండ్.

"నువ్వు సున్నం తొక్కవే. కప్పు సంగతి నేను చూసుకుంటాలే."

చట్రాలు విప్పిన పూటే కప్పు కూలింది. గోజ్బెర్‌తో పాటు నలుగురు పోయారు. ఆ నలుగురినీ బయటికి తీశారు. అతని మీద మాత్రం ఒక స్తంభమే ఒరిగిపోయి, శవం కిందే ఉండిపోయింది.

చచ్చిన నలుగురిలో ఒకడైన వడ్రంగి తల్లి, ఓడ అనే ఆమె, కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని అరిచింది: "నీ మొగుడి గొప్పలకి నా బిడ్డ బలైపోయాడే! వాణ్ణి ఆ రాళ్ల కిందే కుళ్లనీ!"

హెర్సెండ్ తల వంచుకుని ఆ మాటలు పడింది.

రాళ్లు కదిపితే పక్క గోడ కూడా పడుతుందని, ఆ గుట్ట మీదే కొత్త స్తంభం లేపుతామని మఠం పెద్ద చెప్పాడు. "పుణ్యస్థలంలోనే ఉన్నాడు కదమ్మా. అలాంటి చోటు రాజులకే దక్కుతుంది."

"రాజుల్నైతే మొహం కడిగి పెడతారు స్వామీ."

ఆమె ఒంటరిగా రాళ్లు లాగబోయింది. వేళ్లు చితికాక పనివాళ్లు పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు.

మంచు కరిగాక పని మళ్లీ మొదలైంది. హెర్సెండ్ సున్నపు గుంటలోకి దిగింది.

"సిగ్గు లేదటే నీకు?" అంది ఓడ, అందరూ వింటుండగా.

"ఉందత్తా. ఆయన మీద పోసే సున్నం పరాయివాళ్ల చేత తొక్కించలేక వచ్చాను."

ఆ మాటకు ఓడ ఉమ్మేసి వెళ్లిపోయింది.

ఈసారి కప్పు నిలిచింది. పనంతా ముగిశాక సన్యాసులు పాడే చోటికి అడ్డంగా గోడ లేపారు. అది దాటి ఆడవాళ్లు పోకూడదు. గోజ్బెర్ మీది స్తంభం ఆ గోడకు అవతల పడింది. సున్నం తిన్న కాళ్లతో హెర్సెండ్ ప్రతి పండుగకూ వచ్చి, ఆ గోడకు చెయ్యి ఆనించి నిలబడేది. పాట ఆగగానే ద్వారపాలకుడు, "ఇక పదమ్మా" అనేవాడు.