స్పీకరు పెట్టని చోటు

ఒట్టు వెయ్యమని మాత్రం అడక్కండి. మా ఇళ్లల్లో ఒట్టు పెట్టుకోకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు... అంతే. ఇది జరిగింది అంటున్నానంటే జరిగిందనే. పైగా నేను లెక్కల టీచర్ని. దయ్యాల కబుర్లు చెప్పే పిల్లల్ని బెంచీ ఎక్కించే మనిషిని. అలాంటిదాన్ని ఇప్పుడు నేనే చెబుతున్నాను. నవ్వాలనిపిస్తే ముందే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది.

మా ఇల్లు వట్లూరు దాటాక, పెదపాడు వైపు కొత్తగా వేసిన ప్లాట్లలో ఉంది. అప్పటికి మా వరసలో లేచిన ఇళ్లు రెండో మూడో. వెనక తలుపు తీస్తే అంట్లు తోముకునే గట్టు, ప్రహరీ గోడ, దాని అవతల చేలు, చేపల చెరువులు. చీకటి పడితే కప్పల గోల... సంతలో ఉన్నట్టే ఉంటుంది.

ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన ప్రసాద్, మా పాప జాయ్. పాపకి నాలుగేళ్లు నిండాయి. ఒక్క మాట రాలేదు. పిలిస్తే తిరగదు. ఏలూరులో చూపిస్తే డాక్టరుగారు, "రెండు చెవులూ వినిపించట్లేదేమోనమ్మా" అన్నారు. ఏమో అన్నారు కదా... నేను ఆ 'ఏమో'ను పట్టుకుని వేలాడుతున్నాను. సోమవారం విజయవాడలో పెద్ద పరీక్ష. నిద్రపుచ్చి, తలకి వైర్లు అంటించి చేస్తారట. అది అయిపోతే ఇక ఆ 'ఏమో' కూడా మిగలదు.

సరిగ్గా దానికి ముందు శనివారానికి మా ఆయన హాల్లో హోమ్ థియేటర్ బిగించడం పూర్తిచేశారు.

ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబులో పనిచేస్తారు. సినిమా పిచ్చి ఉందనుకోండి. కానీ ఇది సినిమా కోసం కాదు. "టీవీలోంచి వచ్చే శబ్దం ఓ శబ్దమా సునీతా? చుట్టూరా ఐదు వైపుల నుంచి కొడితే... ఏదో ఒక వైపు తిరక్కపోద్దా?" అన్నారు. ఆయన ఆశ ఆయనది.

నాకు ఒళ్లు మండింది. "ఏవండీ, చెవులు వినపడని పిల్లకి ఎవరన్నా సినిమా హాలు కడతారా అండీ?" అనేశాను. అని నాలుక కరుచుకున్నాను. అప్పటిదాకా మా ఇంట్లో 'వినపడని' అనే మాట ఎవరూ అనలేదు. ఆయన సుద్దముక్క తీసుకుని హాల్లో గీతలు గీసుకోవడం మొదలుపెట్టారు.

ఆ గీతలతో నేను పడిన అవస్థ ఇంతా అంతా కాదు. సోఫా ఇక్కడ, టీవీ అక్కడ, ఈ మూలకీ ఆ మూలకీ ఇంత దూరం అని ఆయన గీస్తారు. మర్నాడు నేను తుడిచేస్తాను. మళ్లీ గీస్తారు. నేల అదిరేలా మోగే బేసు పెట్టె ఒకటి ఉంటుంది, అది ఎక్కడ పెడితే బాగుంటుందో చూడాలని, దాన్ని సోఫా మీద కూర్చోబెట్టి, తను నేల మీద పాకుతూ మూలమూలకీ చెవి ఆనించి విన్నారు. పాలావిడ గుమ్మంలో నిలబడి చూసి, "ఏవండీ, సారుగారిదేవన్నా పడిపోయిందాండీ?" అని అడిగింది. మతి పడిపోయిందమ్మా అన్నాను.

చివరికి ఒక లెక్క తేలింది. టీవీకి రెండు పక్కలా రెండు స్పీకర్లు, టీవీ పైన ఒకటి, సోఫా వెనక రెండు మూలల్లో రెండు. ఆ రెండు మూలలకీ నడుమ వెనక తలుపు. వైరు గడప మీదుగా పోతే కాలికి తగులుతుందని, తెల్ల ప్లాస్టిక్ పట్టీల్లో దూర్చి తలుపు చట్రం పైనుంచి తిప్పారు. తలుపు దగ్గర మాత్రం ఏమీ లేదు. అది మనుషులు నడిచే చోటు. ఇది గుర్తుపెట్టుకోండి... అక్కడ ఏమీ లేదు.

శనివారం దీపాలు పెట్టే వేళకి పని అయింది. రిమోట్‌లో ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే ఒక్కో స్పీకరులోంచీ వంతులవారీగా 'ష్...' మని శబ్దం వస్తుంది. అన్నీ పలుకుతున్నాయో లేదో చూసుకోవడానికట. ముందు ఎడమది, మధ్యది, కుడిది, ఆ తర్వాత వెనక కుడిది, వెనక ఎడమది. గడియారం ముల్లులా గది చుట్టూ తిరగాలి.

పాపని హాలు మధ్యలో చాప మీద కూర్చోబెట్టాం. మిగిలిపోయిన ప్లాస్టిక్ పట్టీ ముక్కలు ముందేసుకుని ఆడుకుంటోంది. ఆయన బటన్ నొక్కారు. ష్... ఎడమ. ష్... మధ్య. ష్... కుడి. పాప తల ఎత్తలేదు. సౌండు పెంచారు. ఇంకా పెంచారు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. నాకు చెవులు నొప్పి పుట్టాయి. పాప పట్టీ ముక్కని మరో ముక్కలో దూరుస్తోంది, శ్రద్ధగా... ఆయన దాని చెయ్యి తీసి బేసు పెట్టె మీద పెట్టారు. అప్పుడు నవ్వింది. చేతికి తెలిసింది. చెవికి కాదు.

మా ఆయన మొహం చూడలేకపోయాను. ఆయనా నా మొహం చూడకుండా, "వెనక రెండు వైర్లూ తారుమారు చేశాను సునీతా. కుడివైపు రావాల్సింది ఎడమవైపు వస్తంది. టేపు కూడా అయిపోయింది, తెచ్చి మారుస్తాను" అన్నారు. నిజమే, వెనక్కి వచ్చేసరికి శబ్దం వెనక కుడి మూల వదిలేసి ముందుగా వెనక ఎడమ మూలలో వచ్చింది. నేనూ విన్నాను. ఆయన ప్లగ్గు పీకేసి, స్కూటరేసుకుని వట్లూరు సెంటరుకి వెళ్లారు. టేపు కోసం కాదని నాకు తెలుసు. ఏడవడానికి వెళ్లారు.

ఆయన వెళ్లిన కాసేపటికి కరెంటు పోయింది.

కొవ్వొత్తి వెలిగించి టీవీ బల్ల మీద పెట్టాను. సోఫాలో కూలబడ్డాను. పాప చాప మీదే ఉంది. ఫ్యాను ఆగిపోయింది. ఉక్క. బయట కప్పలు... లేదు. అప్పుడు తోచింది నాకు. కప్పలు అరవడం లేదు.

ష్...

వాన అనుకున్నాను. చేటలో బియ్యం చెరుగుతున్నట్టు మెత్తగా. కానీ వాన కిటికీలోంచి వినపడాలి కదా... ఇది టీవీకి ఎడమపక్క నుంచి వస్తోంది.

పాప తల అటు తిరిగింది.

ష్... మధ్యలోంచి. పాప తల మధ్యకి వచ్చింది.

ష్... కుడి. పాప కుడివైపు చూసింది.

చెబితే నమ్మరు... ముందు నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. అంత సంతోషం పాప పుట్టినప్పుడు కూడా లేదు. వింటోంది! నా పిల్ల వింటోంది! లేచి గంతులెయ్యాలనిపించింది. కదిలితే ఎక్కడ ఆగిపోతుందో అని బిగుసుకుని కూర్చున్నాను. ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

ష్... వెనక కుడి మూల. నా భుజం పక్కనుంచే. పాప కూర్చున్న చోటే జరిగి అటు తిరిగింది.

అప్పుడు... అప్పుడు గుర్తొచ్చింది. కరెంటు లేదు. ఉన్నా ప్లగ్గు పీకేసి ఉంది. దాని తోక నేల మీద పడి ఉండడం కొవ్వొత్తి వెలుగులో నాకు కనిపిస్తోంది.

ష్... వెనక ఎడమ మూల.

ఐదూ అయిపోయాయి. ఇక మళ్లీ టీవీ దగ్గరికి పోవాలి. పోలేదు. ఆగింది. ఎంతసేపో తెలియదు... కొవ్వొత్తి చిటపటలాడడం వినిపించేంత నిశ్శబ్దం.

ష్...

వెనక తలుపు దగ్గర. సరిగ్గా నా వీపు వెనక. పైనుంచి కాదు... కిందనుంచి. పాప నిలబడితే దాని మొహం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులోంచి.

నేను తిరగలేదు. తిరగలేకపోయాను. పాప లేచింది. సోఫా చుట్టూ నడిచి వెనక్కి వెళ్లింది. గజ్జెలు గల్... గల్... ఆగాయి. ఆ తర్వాత నవ్వింది. బేసు పెట్టె మీద చెయ్యి పెట్టినప్పటి నవ్వు కాదు. ఎవరో తెలిసినవాళ్లు పిలిస్తే నవ్వే నవ్వు. అది నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. పిలుపు ఎరగని పిల్ల కదా...

ఇక ఉండలేకపోయాను. ప్రభువా ప్రభువా అనుకుంటూ తిరిగాను. పాప మూసి ఉన్న తలుపుకి అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. గడియ వేసే ఉంది. నేను చూస్తుండగానే ఆ చెయ్యి తీసి ఊపింది. టాటా చెబుతున్నట్టు... నెమ్మదిగా... తలుపుకి.

పాపని లాగి గుండెకి కరుచుకున్నాను. అది గింజుకుంది. తలుపు వైపు చేతులు చాపి ఏడ్చింది. బయట కప్పలు ఒక్కసారిగా అందుకున్నాయి.

మా ఆయన వచ్చేదాకా అలాగే నిలబడి ఉన్నాను. కరెంటు కూడా అప్పుడే వచ్చింది. అంతా చెప్పాను. ఆయన నా తల నిమిరి, "యాంప్లిఫయర్లో కాస్త కరెంటు నిలవుంటది సునీతా. ఆపేశాక కూడా ఒక్కోసారి..." అన్నారు.

"అంతసేపటి తర్వాతా అండీ?"

"పొడుగు వైర్లు కదా, ఏ రేడియోనో పట్టుకుని ఉంటాయి."

"మరి కుడి మూల ముందు పలికిందండీ. ఆ తర్వాతే ఎడమ మూల."

ఆయన చెయ్యి నా తల మీదే ఆగిపోయింది. ఎందుకంటే వైర్లు ఇంకా తారుమారుగానే ఉన్నాయి. వెళ్లి చూశారు. ఆయన వదిలేసి వెళ్లినట్టే ఉన్నాయి. స్పీకర్లలోంచి వస్తే అది సరైన వరసలో రావడానికి వీల్లేదు.

వెంటనే పాప వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టారు. పేరు పెట్టి పిలిచారు. పళ్లెం మీద గరిటెతో బాదారు. పాప కొవ్వొత్తి చివర కారిన మైనాన్ని గిల్లుతూ ఉండిపోయింది.

సోమవారం విజయవాడలో పరీక్ష చేశారు. రెండు చెవులూ వినపడవన్నారు. నేను డాక్టరమ్మగారికి జరిగింది చెప్పాను... దయ్యం అని కాదు, శబ్దం వచ్చిన వైపల్లా తిరిగింది అని. ఆవిడ మంచావిడే. "వినపడని పిల్లలు తల్లి కళ్లు చూస్తారమ్మా. మీ కళ్లు ఎటు తిరిగితే అటు తిరిగుంటుంది" అన్నారు. కావచ్చు. పాప అప్పుడు నా మొహం చూస్తోందా? వీపు నా వైపు ఉందా? రోజూ గుర్తు చేసుకుంటాను. ఒకరోజు వీపు గుర్తొస్తుంది. ఒకరోజు మొహం. లెక్కల టీచర్ని... ఈ ఒక్క లెక్క తేలడం లేదు.

పక్కింటి మంగమ్మగారిని అడిగాను, ఇక్కడ ఇదివరకు ఏమైనా జరిగిందా అని. చిన్నప్పటి నుంచీ ఆ చేలూ చెరువుల మీద బతికిన మనిషి. "అబ్బే, ఏం లేదండీ. వరిచేనండీ ఇది. ఊడ్పులకి నేనే వచ్చేదాన్నండీ" అన్నారు. ఏదో ఒక కథ చెప్పినా బాగుండేది. ఏమీ లేదంటే మరీ భయమేసింది.

మా ఆయన ఉండబట్టలేక పాస్టరుగారికి చెప్పేశారు. ఆ శుక్రవారం మా ఇంట్లోనే ప్రార్థన కూడిక పెట్టారు. సంఘం వాళ్లు వచ్చి హాలు నిండా కూర్చున్నారు. పాప నా ఒళ్లో ఉంది. పాస్టరుగారు లేచి వెనక తలుపు వైపు చెయ్యి చాపి, ఈ ఇంట్లోకి వచ్చింది ఏదైనా సరే విడిచి వెళ్లిపోవాలి, మళ్లీ ఈ గడప తొక్కకూడదు అని గట్టిగా ప్రార్థన చేశారు.

నేను కళ్లు మూసుకున్నాను. అది ఏమిటో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. అబద్ధం అనుకుంటే, నా పిల్ల ఎన్నడూ ఏ శబ్దమూ వినలేదు. నిజం అనుకుంటే... దాని ఒక్కదాని పిలుపే నా పిల్లకి వినపడింది.

అందరూ ఆమెన్ అన్నారు. మా ఆయన కూడా అన్నారు.

నా నోరు పెగల్లేదు.