కోసేసిన పిన్ను

మొదటి దెబ్బ అందరూ ఒంటిచెవి అని పిలిచే బావే కొట్టాడు. బావమరిది ముక్కులోంచి రక్తం కారి ఫోర్క్‌లిఫ్ట్ సీటు మీద పడింది.

"గ్యాస్ ఎవడికి అమ్ముతున్నావురా?"

"అమ్మలేదు బావా. అక్క మీద ఒట్టు."

"మీ అక్కని మధ్యలోకి లాగకు!" అంటూ రెండోది కొట్టాడు.

ఒంటిచెవి ఆ గోడౌనులో పాతికేళ్లుగా మెకానిక్. పని నేర్చుకునే రోజుల్లో మేస్త్రి విసిరిన పానా తగిలి ఎడమ చెవి పోయింది. ఆ మేస్త్రి దగ్గర పనితోపాటు చేయి చేసుకోవడమూ నేర్చుకున్నాడు. బిగుసుకున్న బోల్టునైనా మనిషినైనా ముందు సుత్తితోనే పలకరించేవాడు. కాకపోతే బోల్టు విషయంలో తప్పు తనదైతే ఒప్పుకునేవాడు.

నెల రోజులుగా, గ్యాస్ సిలిండరుతో నడిచే ఆ ఫోర్క్‌లిఫ్ట్ బండి గ్యాస్ తాగేస్తోంది. షిఫ్టంతా రావలసిన సిలిండరు ఐదు గంటల్లోనే అయిపోతోంది. బండి నడిపేది బావమరిది ఒక్కడే. సూపర్‌వైజరు ఇనుప రాడ్డుతో వచ్చి అతన్ని స్తంభానికి కట్టించాడు.

"భోజనాల గంట కొట్టేలోగా బండిలో తప్పు చూపించు. లేదంటే వీడే దొంగ. దొంగ వేళ్లు ఏమవుతాయో నీకు తెలుసుగా."

తెలుసు. నిరుడు ఒక డ్రైవరు వేళ్లు నాలుగు ఆ రాడ్డు కిందే నలిగాయి.

ఒంటిచెవి గ్యాస్ గొట్టాల అతుకులకు సబ్బునీళ్లు పూశాడు. ఒక్క బుడగ లేవలేదు. ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపాడు. దుమ్ముంది గానీ ఇంత తాగించేంత లేదు. చక్రాలు పైకెత్తి తిప్పితే తేలిగ్గా తిరిగాయి, బ్రేకు ఎక్కడా ఒరుసుకోవడం లేదు. రెగ్యులేటరు విప్పి లోపలి రబ్బరు పొరను వెలుతురుకు పెట్టి చూశాడు. చిల్లు లేదు. ఒక్కో భాగం మంచిదని తేలినకొద్దీ బావమరిది దొంగ అవుతున్నాడు.

"ఏం డాక్టరుగారూ, రోగం దొరికిందా?" అంటూ సూపర్‌వైజరు బావమరిది మోకాలి మీద రాడ్డుతో ఒకటి వేశాడు.

బావమరిది కేక పెట్టి, ఊపిరి కూడగట్టుకున్నాడు. "సిలిండరు అయిపోయే ముందు ఇంజను దగ్గి దగ్గి ఆగిపోతోంది బావా. చెబితే, నడపడం చేతకాదా అన్నావు."

ఒంటిచెవికి ఒళ్లు మండింది. అయిపోయిందని బండిలోంచి తీసి పక్కన పెట్టిన ఖాళీ సిలిండరును బూటుతో ఒక్క తన్ను తన్నాడు. ఖాళీది గంటలా మోగాలి. ఇది మొద్దుగా పలికింది. వంగి, కుడి చెవి ఆనించి కుదిపాడు. లోపల ద్రవం కదిలింది.

కాటా మీదికి ఎత్తాడు. సిలిండరు మెడ మీద చెక్కిన ఖాళీ బరువు కన్నా తొమ్మిది కిలోలు ఎక్కువ తూగింది.

బండి వెనకాల సిలిండరు పడుకునే తొట్టి వైపు చూశాడు. పిన్ను ఉండాల్సిన చోట గ్రైండరు గీతలు మెరుస్తున్నాయి. సిలిండరు అంచులోని కన్నం ఆ పిన్ను మీద కూర్చుంటేనే గ్యాస్‌ను పీల్చే లోపలి గొట్టం మూతి అడుగుకు ఆనుతుంది. పోయిన నెల పిన్ను వంగి కన్నం కూర్చోవడం లేదని హమాలీలు గోల పెడితే, దాన్ని సరిచేసే ఓపిక లేక తనే కోసేశాడు. అప్పటినుంచి సిలిండరును ఎటు పడితే అటు తిప్పి పట్టీ బిగిస్తున్నారు. గొట్టం మూతి పైకి ఉండిపోయి, అడుగున గ్యాస్ మిగిలిపోతోంది.

ఆ గీతలు మరొకడి కంట పడలేదు. గంట కొట్టారు.

"తప్పు నాది. ఆ పిన్ను కోసింది నేను," అన్నాడు ఒంటిచెవి.

"అయితే వేళ్లు నీవి పెట్టు."

"పెడతా. ముందు పిన్ను అతకనీ."

కొత్త పిన్ను వెల్డింగ్ చేసి, సిలిండరు కూర్చోబెట్టి, ఇంజను నిలకడగా తిరిగేదాకా విన్నాడు. తర్వాత ఎడమ చేయి బల్ల మీద పరిచాడు. రాడ్డు దిగింది. రెండు వేళ్లు విరిగాయి.

కట్లు విప్పగానే బావమరిది కుంటుతూ వచ్చి బావ దవడ మీద గట్టిగా ఒక్కటి ఇచ్చాడు. ఆ తర్వాత తన రుమాలు చింపి, విరిగిన వేళ్లకు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఆ దెబ్బ నా ముక్కుకి. మిగతాది ఇంటికెళ్లి అక్క దగ్గర తీసుకో."