ఉప్పు మీద నా పెత్తనం

మా ఇంట్లో రెండు నెలల పాటు ఉప్పు మీద పెత్తనమంతా నాదే. ఆ రెండు నెలల్లో నేను వెలగబెట్టిన ఘనకార్యం రాద్దామని కూర్చుంటే ముందు నవ్వే వస్తోంది. నవ్వుతూనే రాస్తాను కానీ, మధ్యలో ఒక మూడు రోజుల దగ్గర మాత్రం చెయ్యి కాస్త ఆగుతుంది.

మేముండేది ఇల్లందులో. ఇంట్లో ముగ్గురమే: అమ్మ, నాయిన, నేను. నాయిన ముప్పై నాలుగేళ్ళు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. నేను కారేపల్లి దగ్గర ఒక బడిలో సైన్సు చెప్తాను, రోజూ బస్సులో పోయి వస్తాను. మనిషి ఒంట్లో నీళ్ళెన్ని, లవణాలెన్ని, మూత్రపిండాలు వాటిని ఎట్లా సరిచూస్తాయి అనే పాఠం పుస్తకం తెరవకుండా చెప్పగలను. బొమ్మ కూడా చూడకుండానే వేస్తాను. ఆ ధీమానే నన్ను ముంచింది.

మార్చిలో నాయినకు బీపీ ఎక్కువుందని తేలింది. ఊళ్ళో డాక్టరు ఒక మాత్ర రాసి, "ఉప్పు తగ్గించండి, ఎండలు ముదురుతున్నాయి, నీళ్ళు బాగా తాగండి" అన్నాడు. ఆయన తగ్గించమన్నాడు, నేను మానిపించాను. ఆయన బాగా తాగమన్నాడు, నేను ఫోన్‌లో గంటగంటకూ అలారం పెట్టాను. ఏదైనా పట్టుకుంటే దాని అంతు చూసేదాకా వదలకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

వంటింట్లో ఉప్పు డబ్బా తీసుకుపోయి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పడాలు బంద్. పచ్చళ్ళు బంద్. మజ్జిగలో చిటికెడు కూడా వేయడానికి వీల్లేదు. ముగ్గురికీ ఒకటే వంట కాబట్టి అమ్మకు, నాకు కూడా అదే చప్పటి కూడు. నాలుగో రోజున అమ్మ గరిటె పట్టుకునే నా మీదికి వచ్చింది.

"నీ బడి పిల్లలు ఎట్ల భరిస్తుండ్రే నిన్ను?"

"వాళ్ళకు బీపీ లేదు" అన్నాను.

నాయిన మాత్రం ఒక్క మాట అనలేదు. చప్పటి పప్పు, చప్పటి బీరకాయ, మనిషన్నవాడు మింగలేని చప్పటి సొరకాయ. ఒక్కో ముద్దకూ ఒక గుక్క నీళ్ళు తాగి గొంతులోంచి దింపేవాడు. ఫోన్ మోగితే చాలు, టీవీ చూస్తున్నా సరే, లేచి పోయి గ్లాసు నిండా తాగి, ఖాళీ గ్లాసు నాకు బోర్లించి చూపించేవాడు. ఒకే ఒక్కసారి మెల్లగా కదిపాడు.

"బాయిల ఉన్నప్పుడు సద్దిడబ్బల ఉల్లిగడ్డ, దొడ్డుప్పు లేకుంటే మేం దిగేటోళ్ళమే కాదు బిడ్డా. చెమటకు పానం గుంజేది."

"అప్పుడు నీకు ముప్పై ఏళ్ళు నాయినా. ఇప్పుడు బీపీ."

"అవ్, అదీ నిజమే" అని ఊరుకున్నాడు.

మే నెల మొదట్లో అమ్మ ఆవకాయ పెట్టింది. జాడీలకెత్తాక పెద్ద బేసిన్‌లో అంటుకున్న కారంలో వేడి వేడి అన్నం వేసి, నూనె పోసి కలిపి, ముద్దలు చేసి చేతుల్లో పెట్టడం మా ఇంట్లో ఏటా ఉన్నదే. ఆ ముద్ద కోసం నాయిన ఒకప్పుడు షిఫ్ట్ మార్చుకునేవాడు. ఆ రోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ కిటికీలోంచి చూస్తున్నాను. అమ్మ నా వైపు ఒకసారి చూసి, నేను గమనించడం లేదనుకుని, ఒక ముద్ద ఆయన కంచంలో పెట్టింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తీసి అమ్మ కంచంలో వేశాడు.

"వద్దు తియ్యే. చెప్పిన మాట చెప్పినట్టు ఉండాలె."

ఎంత పొంగిపోయానో చెప్పలేను. మా నాయిన రూల్ మనిషి. బాయిలో రూల్ తప్పినోడు పైకి రాడని నాకు చిన్నప్పటి నుంచీ చెప్పేవాడు. అందుకే నా రూల్ కూడా ఇంత నిష్ఠగా పాటిస్తున్నాడనుకున్నాను. సెలవుల్లో ఫోన్ చేసిన తోటి టీచర్లందరికీ ఈ ముద్ద కథ గొప్పగా చెప్పుకున్నాను.

ఎండలు ముదిరాయి. మా బొగ్గు ఊరి ఎండ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, పొద్దున తొమ్మిదింటికే తలుపులు మూసుకోవాలి. నాయిన నీరసపడ్డాడు. కూర్చున్న చోటే కునుకు తీసేవాడు. అన్నం చూస్తే వికారమనేవాడు. బాత్రూంకు పోతూ గోడ పట్టుకునేవాడు. ఇది ఎండదెబ్బేనని నేనే తేల్చి పారేసి, అలారం గంట నుంచి ముప్పావు గంటకు మార్చాను. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తి మీద నేనే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది.

ఆ ఆదివారం చర్చికి పోవడానికి తయారవుతున్నాం. నాయిన తెల్లచొక్కా వేసుకుని ముందు గదిలోకి వచ్చాడు. గుండీలు ఒకదానికి ఒకటి తప్పాయి. బల్ల కింద, తలుపు వెనక ఏదో వెతుకుతున్నాడు.

"నా ల్యాంప్ ఏది? ఫస్ట్ షిఫ్ట్ టైం అయితున్నది."

అమ్మ పరాచికమనుకుని పకపకా నవ్వింది. ఆయన రిటైరై ఎనిమిదేళ్ళయింది. నేను దగ్గరికి పోయి గుండీలు సరిచేయబోతూ, "నాయినా, ఇయ్యాల ఆదివారం. చర్చికి పోవాలె" అన్నాను.

ఆయన నా చేతులు మెల్లగా పక్కకు జరిపాడు. చాలా మర్యాదగా అడిగాడు.

"నువ్వు ఎవరి బిడ్డవమ్మా?"

అమ్మ నవ్వు ఆగిపోయింది. పక్కింటివాళ్ళ కారులో ఖమ్మం బయల్దేరాం. కారేపల్లి మీదుగా పోతుంటే మా బడి గేటు కనబడింది. మూత్రపిండాల బొమ్మ ఎన్నిసార్లు వేశానో అక్కడి నల్లబోర్డు మీద. తల తిప్పుకున్నాను.

దవాఖానాలో డాక్టరు నాకన్నా చిన్నది. రక్తం తీయించి, రిపోర్టు చూసి, మమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఉప్పు ఎంత తింటారు?"

"అస్సలు తినరు మేడం" అన్నాను. ఆ భయంలో కూడా నా గొంతులో కొంచెం గర్వం ఉంది. "రెండు నెలలైంది, చిటికెడు కూడా తాకనియ్యలేదు."

"నీళ్ళు?"

"రోజుకు ఆరు లీటర్లు. ఒక్కోసారి ఏడు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మీరేం చేస్తుంటారు?"

"సైన్సు టీచర్ని."

ఆమె రిపోర్టు నా వైపు తిప్పింది. తిట్టుంటే బాగుండేదనిపించింది. వేలు పెట్టి చూపిస్తూ విడమర్చి చెప్పింది. రక్తంలో సోడియం నూట ముప్పై అయిదుకు తగ్గకూడదు, నాయినకు నూట పద్నాలుగే ఉంది. పులుసులో నీళ్ళు పోసుకుంటూ పోతే చప్పబడ్డట్టే ఒంట్లోనూ జరిగింది. పైగా ఆ బీపీ మాత్ర ఉప్పును మూత్రంలోకి తోసే రకం, కొంత చెమటలో పోయింది, లోపలికి వచ్చేది మాత్రం ఏమీ లేదు. రక్తం అట్లా పలచబడితే నీళ్ళు మెదడులోకి చేరి అది ఉబ్బుతుంది. చుట్టూ ఎముకే కాబట్టి ఉబ్బడానికి జాగా ఉండదు.

"అయితే జల్దీ ఉప్పు ఎక్కించండి మేడం" అంది అమ్మ.

"జల్దీ ఎక్కిస్తేనే ప్రమాదం అమ్మా. ఇన్ని రోజుల్లో మెదడు ఈ పలచదనానికి అలవాటు పడింది. ఒక్కసారే పెంచితే నరాలు దెబ్బతిని మనిషి మంచాన పడతాడు. రోజుకింత అని హద్దుంది. మెల్లమెల్లగా పోవాలి."

"మమ్మల్ని మళ్ళీ గుర్తుపడతారా?" అని అడిగాను.

"పడతారనే అనుకుంటున్నా. మాట మాత్రం ఇవ్వలేను."

ఆ మాత్ర ఆపేశారు. సెలైన్ బొట్టు బొట్టుగా, మిషన్ పెట్టి ఎక్కించారు. ఆరు గంటలకోసారి రక్తం తీసుకుపోయేవారు. తాగడానికి రోజు మొత్తానికి ఒక లీటరు, అంతే. సాయంత్రానికి నూట పదహారు. మర్నాడు పొద్దున నూట ఇరవై. ప్రతి అంకెకూ అమ్మ కుర్చీలోనే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. ఒకసారి చెవిన పడింది. "ప్రభువా, నా పెనిమిటిని నాకియ్యి. ఉప్పు సంగతి నేను చూసుకుంట."

నాయినకు నేను నర్సునయ్యాను. "సిస్టరమ్మా, జర మంచినీళ్ళియ్యి, నీకు పుణ్యముంటది" అని చేతులు జోడించి అడిగేవాడు. రెండు నెలలు వెంటపడి తాగించినదాన్ని ఇప్పుడు సీసాను వీపు వెనక దాచుకుని నిలబడ్డాను. గంటకు రెండు గుక్కలు నోట్లో పోసి, "ఇంక లేవు" అనేదాన్ని. ఆయన నొచ్చుకునేవాడు కాదు, "సరే తల్లీ" అనేవాడు. పుట్టి బుద్ధెరిగాక మా నాయిన నాతో అంత గౌరవంగా ఎప్పుడూ మాట్లాడలేదు. బాత్రూంలోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చాను.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన కళ్ళు తెరిచి అమ్మను ఎగాదిగా చూశాడు.

"ఏమే, గీ చీర మొన్ననే కట్టినవ్ గద. ఇంకోటి దొర్కలేదా?"

అమ్మ కుర్చీలోంచి ఎగిరి లేచింది. "చూసిన్రా, నన్ను తిడుతుండు! మా ఆయన నన్ను తిడుతుండు!" అని పక్క మంచాల వాళ్ళకందరికీ చెప్పింది. వాళ్ళూ నవ్వారు. ఒకామె లేచొచ్చి అమ్మ చేతిలో బత్తాయి పండు పెట్టింది. నేను మంచం అంచుకు జరిగి, "నాయినా, మరి నేనెవరో చెప్పు" అన్నాను. ఆయన నన్ను చూసి మర్యాదగా నవ్వాడు. "మంచి పిల్లవమ్మా. నీ డ్యూటీ ఎప్పుడైపోతది?"

అమ్మ మీద నాకు అసూయ పుట్టింది. దాపరికం ఎందుకు, నిజంగానే పుట్టింది. దాని వెనకే భయం. ఆయన మతిలో అన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి, నా ఒక్కదాని జాగా ఖాళీగా ఉండిపోతే? చేసిందంతా నేనే కదా, అట్లా జరిగితే న్యాయమే అనిపించింది.

మూడో రోజు పొద్దున అంకె నూట ఇరవై ఏడు. ఉప్పు వేసిన ఉప్మా పెట్టమన్నారు. అమ్మ ఒక్కో చెంచా తినిపిస్తుంటే ఆయన కళ్ళు మూసుకుని నమిలాడు. ఉప్మాను అంత భక్తిగా తిన్న మనిషిని నేను చూడలేదు. సగం ప్లేటయ్యాక డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చింది.

"పెద్దాయనా, మీదే ఊరు?"

"ఇల్లందు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఖమ్మంల. దవాఖానల."

"డ్యూటీకి పోవాలా మరి?"

"ఏం డ్యూటీ? నేను రిటైరై ఎనిమిదేండ్లాయె."

ఆమె నన్ను చూపించింది. "ఈమె ఎవరు?"

నా చేతిలో నీళ్ళ సీసా ఉంది. నాయిన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. తొందరేం పడలేదు.

"ఈమెనా? ఈమె మేనేజర్."

మళ్ళీ బాయిలోకే పోయాడనుకున్నాను. అప్పుడు మీసం కింద నవ్వు కదిలింది.

"మా ఇంటికి మేనేజర్. నా బిడ్డ మేడం. ఒక్కతే బిడ్డ."

నేను సీసా మంచం మీద పడేసి ఆయన కాళ్ళ మీద తలపెట్టి బావురుమన్నాను. అమ్మ ఏడుస్తూ నవ్వింది, పక్క మంచాల వాళ్ళు చప్పట్లు కొట్టారు. సంతోషమంటే అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. పక్కటెముకలు నొప్పి పుట్టాయి.

డాక్టరమ్మ కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది. "మంచి మేనేజరే. ఉప్పు మొత్తానికే బంద్ పెట్టింది. రెండు నెలలు ఆ చప్పటి తిండి ఎట్లా తిన్నారు? ఎదురు చెప్పలేదా?"

"మా నాయిన రూల్ మనిషి మేడం" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "రూల్ అంటే తప్పడు."

నాయిన తల అడ్డంగా ఊపాడు. "రూల్ లేదు, గీల్ లేదు. బాయిల ఎన్ని రూల్స్ తప్పిననో గీ పిల్లకేం ఎరుక?" అని, కాస్త ఊపిరి తీసుకుని, చెయ్యి నా తల మీద పెట్టాడు. "బీపీ ఉన్నదని డాక్టర్ చెప్పిననాడు దీని మొకం చూసిన మేడం. చిన్నప్పుడు ఒకపారి సంతల తప్పిపోయి నాకు దొర్కినప్పుడు గట్లనే ఉండె మొకం. మల్ల గా భయం దీని మొకంల చూడొద్దనుకున్న. గందుకు చప్పటి కూడేంది, మన్ను కలిపి పెట్టినా తినేటోన్ని."