పెద్దమ్మ కుండ మీది గుడ్డ

"అమ్మ పోయింది పాపా" అని ఎమ్మిగనూరు నుంచి మా అన్న, పెద్దమ్మ కొడుకు, ఫోన్ చేసినప్పుడు నేను ఆదోనిలో, కాలేజీ ల్యాబ్‌లో, తుంగభద్ర నీళ్ల సీసా ముందు కూర్చుని ఉన్నాను. నమ్మబుద్ధి కాలేదు. సీసాలో నీళ్లు ఎండకు మెరుస్తూనే ఉన్నాయి.

పెద్దమ్మది మగ్గాల ఇల్లు. పెదనాన్న పోయాక మగ్గం గుంత పూడ్చి, అక్కడే నీళ్ల కుండ పెట్టుకుంది. వాళ్ల వీధి కొళాయిలో వచ్చేవి తుంగభద్ర ఏటి నీళ్లే. వాటిని గుడ్డలో వడకట్టనిదే ఎవరికీ గ్లాసు అందించదు. ఎండన పోయేవాళ్లను పిలిచి మరీ ఇచ్చేది. తాగాక "సల్లగుండాయా?" అని అడగాల్సిందే. చల్లగా లేవని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

సెలవుల్లో ఆమెను నాగలదిన్నె దగ్గర ఏటికి తీసుకుపోయేదాన్ని. నేను సన్నటి వలతో నీటి పైపొరను పడుతుంటే ఆమె గట్టున కూర్చుని కునికేది. పొద్దుటి మంచులో ఏరు కదులుతోందో, మేమే కదులుతున్నామో తెలిసేది కాదు.

"ఏం ఎతుకుతాండావు పాపా?" అని అడిగింది ఒకసారి.

"నీళ్లలో ప్లాస్టిక్, పెద్దమ్మా. కంటికి ఆననంత సన్నది."

భూతద్దం ఇచ్చాను. నీలం, ఎరుపు పోగులు వెలుగులో నిదానంగా ఈదుతున్నాయి. "ఎంత బాగుండాయే!" అని పసిపిల్లలా నవ్వింది.

ఇంటికొచ్చాక తన కుండలో నీళ్లు కూడా చూడమంది. వడకట్టినవి కదా, ఆ ధీమా. వాటిలోనూ నీలం పోగులే, ఇంకా ఎక్కువగా. కుండ మీది గుడ్డదీ అదే నీలం. నూలుగుడ్డ పలుచన, దీంట్లో నలుసు దూరదని పాత పాలిస్టర్ చీర చింపి కట్టుకుంది. పాలిస్టర్ అంటే ప్లాస్టిక్ పోగే. నేతింటి మనిషి కనకనే బిగువైన నేత చూసి మురిసిపోయింది, పోగు సంగతి మరిచింది.

"ఈదికంతా నేనే తాపితి కదా పాపా!"

ఏట్లోనే బోలెడున్నాయి, నీ తప్పేం లేదని ఎంత చెప్పినా ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం పెట్టెలోంచి పెదనాన్న నేసిన నూలు తువ్వాలు తీసి కుండకు కట్టింది. కడుతూనే అంది: "నేను పోతే నా సీరలు ఏట్లో ఇడ్సొద్దు. ఆ నీళ్లే తిరిగి కొళాయికి వస్తాయి. నాకు మాటియ్యి."

ఇచ్చాను.

దినం నాడు ఏటి ఒడ్డున ఆమె బట్టల మూట విప్పారు. పోయినవాళ్ల బట్టలు నీళ్లలో వదలడం మా ఆచారం. చీరల ప్లాస్టిక్ పోగులు ఏట్లో కలుస్తాయని ఆమే వద్దన్నదని చెప్పేశాను.

"ఆచారం ఎట్ల తప్పుతాదప్పా?" పెద్దలు అన్న మీద గొంతు లేపారు.

నూలుదేదైనా ఉందేమోనని అన్న చీరలన్నీ తిరగేశాడు. జీవితమంతా మగ్గం పక్కన బతికిన మనిషికి ఒక్క నూలు చీర లేదు. "ఏమీ ఇడ్సకుంటే అమ్మకు దారి యాడుంటాది పాపా?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు మూట అడుగున తువ్వాలు కనిపించింది. కుండ మీదిదే, వదిన పెట్టింది. అన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని మోకాలి లోతుకు దిగి వదిలాడు. పెద్దలే చీరల మూట మళ్లీ కట్టారు.

చీరలు మాతో వెనక్కి వచ్చాయి. తువ్వాలు మాత్రం, ఆమె కుండ మూతి మీద పరిచినట్టే, ఏటి మీద మెల్లగా పరుచుకుంది.